మహారాజశ్రీ స్మార్ట్‌వాచ్ గారికి

మహారాజశ్రీ స్మార్ట్‌వాచ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ పొద్దున కేబీఆర్ పార్కులో నెమ్మది పరుగు ముగిసి చెమటైనా ఆరకముందే, తమరు మణికట్టు మీద గుర్రుమని తీర్పిచ్చారు: ‘అన్‌ప్రొడక్టివ్’, అంటే ఫలితం లేని పరుగట. ఈ వారమే బెల్టు ఒక కన్నం లోపలికొచ్చింది. పాపం, అది కొలిచే సెన్సర్ తమకు పెట్టలేదు.

మన ఒప్పందం పొట్ట తగ్గించడం. మధ్యలో కిలోమీటరుకు ఎన్ని నిమిషాలనే ఈ పేస్ గొడవ ఎక్కడిది? కిలోమీటరు పరిగెత్తితే ఒంటి బరువులో కిలోకు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుంది, అటూ ఇటూగా. 80 కిలోల మనిషికి 5 కిలోమీటర్లంటే 400. 32 నిమిషాల్లో ముగించినా 42 పట్టినా లెక్క ఇంచుమించు అదే. తమరు ఎగదోసినట్టు వేగం పెంచితే మోకాలి కింద ముందరి ఎముక సలుపుతుంది, రెండు వారాలు మంచం. ఆ రెండు వారాల కేలరీలు తమరు కరిగిస్తారా? పక్కవాళ్లతో వాక్యం తెగకుండా మాట్లాడగలిగే వేగం చాలు. ఆయాసమొస్తే రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. తమరేమో నడక మొదలవగానే ‘ఆటో పాజ్’ అంటూ లెక్క ఆపేస్తారు. నడిస్తే ఖర్చు కాదా స్వామీ?

ఆ 400ను 560గా చూపించే దానగుణం మరొకటి. కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవి అందులోనే కలిపేస్తారు. పట్టీ వదులైతే నిమిషానికి 165 అడుగుల్ని గుండె చప్పుళ్లనుకుంటారు. నిరుడు ఎక్కించిన బరువుతోనే ఇంకా గుణిస్తారు. ఆ అంకె నమ్మి గేటు బయట ప్లేటు పూరీ తింటే పొద్దుటి కష్టమంతా ఆ నూనెలోనే.

ఆగస్టు మారథాన్‌లో 10కే (పది కిలోమీటర్ల) మెడల్ అంటూ ఊరించడం, దానికి ముందే పిండిపదార్థాలు దట్టించమనే కార్బ్ లోడింగ్ చిట్కాలు! గంటన్నర లోపు పరుగుకు ముందురోజు రెండు ప్లేట్ల బిర్యానీ దేనికయ్యా?

ఏమయ్యా, అసలు నిన్ను అడిగిందెవరు? పరుగు కాగానే తూకంలో కిలో తగ్గితే అది చెమట, నీళ్లు తాగితే తిరిగొస్తుంది. కొత్తలో కండరాలు నీరు పట్టి బరువు కదలనే కదలదు. ఇది చెప్పాల్సిన రోజున నోరు మూసుకుంటావు, విశ్రాంతి రోజున మాత్రం ‘స్ట్రీక్ పోతుంది’, రోజువారీ వరస తెగుతుంది అని ప్రాణం తోడేస్తావు. వారానికోసారి పరగడుపున బొడ్డు దగ్గర చుట్టే దర్జీ టేపుకున్న నిజాయితీ, ఇన్ని వేలు పోసి కొన్న నీకు లేదు!

పేస్ స్క్రీన్ తీసేశాను. కేలరీలూ, బ్యాడ్జీలూ, స్ట్రీకూ బంద్. సమయం, గుండె వేగం ఉంచాను. పట్టీ మణికట్టు ఎముకకు వేలెడు పైన బిగిస్తాను, ఇక సాకులు చెప్పకు. ఐదింటి అలారం మాత్రం నీదే. ఆ పనిలో నీకు వంక పెట్టలేను.

ఇట్లు,
నీ ఛార్జర్ యజమాని