పులికాట్‌లో పాచి పట్టిన రాయి

నిరుడు మా అబ్బాయి బడిలో వర్చువల్ రియాలిటీ పాఠమంటే అంటార్కిటికాయే. పెంగ్విన్లు నడిచాయి, పిల్లలు చేతులు కట్టుకుని చూశారు, గంట కొట్టగానే మరిచిపోయారు. ఈ ఏడు కొత్తగా వచ్చిన సైన్స్ టీచరు, పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగావిడ, వచ్చీ రాగానే అడిగారట: చెన్నైకి యాభై అరవై కిలోమీటర్లలో పులికాట్ సరస్సును పెట్టుకుని పెంగ్విన్లు మనకెందుకని.

ఆలోచన మంచిదే. అందులోని ప్రమాదమే ఎవరికీ తట్టలేదు. పెంగ్విన్ల మధ్యకు నడిచి వెళ్దామని ఎవరికీ అనిపించదు. సొంత ఊరి నీళ్లు కనబడితే కుర్చీలో కూర్చునేదెవరు?

కళ్లు పూర్తిగా మూసేలా తలకు తగిలించుకుని దృశ్యం చూసే ఈ హెడ్‌సెట్లు మరీ చిన్నపిల్లలకు వద్దని తయారీదారులే వయోపరిమితి పెడతారు. మూడో తరగతి వాళ్లకు ఎనిమిదేళ్లే. అందుకని పెద్దలెవరైనా పెట్టుకుంటే, వారికి కనిపించేది పిల్లలు టీవీలో చూసేలా ఏర్పాటు చేశారు. ‘పెద్దలెవరైనా’ అన్న మాట పూర్తికాకముందే మా మామగారు లేచారు. ఆయనది తడ. పులికాట్ ఒడ్డున ఎదిగిన మనిషి.

కాసేపు చక్కగా సాగింది. ఫ్లెమింగోలు తల తిరగేసి ముక్కుతో నీళ్లు వడకడుతున్నాయి. బూడిద రంగుతో పుట్టే ఆ పక్షికి, తినే నాచు వల్లా చిన్న చిన్న రొయ్యల వల్లా గులాబీ రంగు వస్తుందని టీచరు చెబుతుండగానే మామగారు పంచె పైకి ఎగగట్టారు. ఆ సరస్సు చాలాచోట్ల నడుము లోతు దాటదని ఆయనకు ఒకరు చెప్పాలా? దిగిపోయారు.

హెడ్‌సెట్ తన ధర్మం తాను నిర్వర్తించింది. హద్దు దగ్గర పడగానే ఆగమన్నట్టు గాలిలో గళ్ల గోడ చూపించింది. ఆయన కంటికి అది వల.

“ఎవరో వల కట్టుకున్నారమ్మా, తెగితే పాపం” అంటూ జాగ్రత్తగా కాలెత్తి దాటారు.

దాటిన చోట, ముందు వరుసలో, బడి కరస్పాండెంటుగారు కాఫీ గ్లాసుతో కూర్చుని ఉన్నారు. మామగారు తూలి, ఆసరా కోసం చెయ్యి చాచి, ఆయన బట్టతలను అందుకున్నారు.

“పైకి కనబడటం లేదు గాని ఇక్కడ రాయి ఉంది! పాచి పట్టి జారుతోంది, పిల్లలు జాగ్రత్త!”

కరస్పాండెంటుగారు రోజూ తలకు కొబ్బరినూనె పెట్టుకునే మనిషి. తెలుగు రాదు, అదొక్కటే అదృష్టం. కాఫీ మాత్రం తెల్లచొక్కా మీదికి వచ్చేసింది. పిల్లలేమో టీవీలో వెతుకుతూ, “రాయి ఎక్కడ తాతా?” అని ఒకటే గోల.

“మామయ్యగారూ, తీసేయండి” అని నేను బతిమాలితే ససేమిరా అన్నారు. రాకెట్ చూడాలట. చూశారు. సరస్సుకు అవతల శ్రీహరికోటలో మంట లేచింది, వెంటనే మోత. అప్పుడు తీశారు హెడ్‌సెట్.

“ఇది తప్పమ్మా. మా ఊళ్లో మంట కనబడ్డాక, తాంబూలం చుట్టి నోట్లో పెట్టుకునే దాకా మోత రాదు.”

టీచరు సుద్దముక్క అందుకున్నారు. తడకు అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. లెక్క తేలేసరికి నిమిషం అటూ ఇటూ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చొక్కా తుడుచుకుంటున్న కరస్పాండెంటుగారు కూడా, ఎందుకో తెలియకుండానే, కొట్టారు.

వచ్చే నెల పాఠం కూవం నది. హెడ్‌సెట్‌లో వాసన రాదు, ఎవరూ ముక్కు మూసుకోనక్కర్లేదని టీచరు ముందే హామీ ఇచ్చారు. వాసన లేకపోతే అది కూవం అని పిల్లలకు ఎలా తెలుస్తుందని మామగారు ఇప్పటినుంచే వాదనకు దిగారు.