నందంటే నంది, పందంటే పంది

2019 సెప్టెంబరు 1న డోరియన్ తుపాను బహామాస్ దీవులను చీల్చి చెండాడుతున్న వేళ అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ట్వీటు పెట్టారు. ఫ్లోరిడా, జార్జియా, కరొలైనాలతో పాటు అలబామాకూ ముప్పు ఉందన్నారు. అలబామాలో జనం కంగారుపడి అక్కడి బర్మింగ్‌హామ్ వాతావరణ కార్యాలయాన్ని వాకబు చేయడం మొదలుపెట్టారు. అలబామాపై డోరియన్ ప్రభావం ఉండదని ఆ ఆఫీసు కాసేపటికే తేల్చి చెప్పింది. అక్కడితో ముగిసిపోవాల్సిన ముచ్చట అది. పొరపాటున నోరు జారిందంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

సెప్టెంబరు 4న శ్వేతసౌధంలో కెమెరాల ముందు ఒక వాతావరణ పటం ప్రత్యక్షమైంది. తుపాను దారిని సూచిస్తూ అచ్చువేసిన తెల్లని వలయానికి నల్లని మార్కర్ పెన్నుతో ఒక వంపు అతికించి ఉంది. ఆ వంపు అలబామాలోకి దూరింది. బడికెళ్లే పిల్లాడు కూడా పట్టేసే గీత! రెండు రోజులు గడిచాక, పై సంస్థ అయిన ‘నోవా’ (అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ) సంతకం లేని ప్రకటన ఒకటి వదిలి, నిజం చెప్పిన బర్మింగ్‌హామ్ ఆఫీసునే తప్పుపట్టింది. సంస్థ తాత్కాలిక అధిపతి నీల్ జేకబ్స్ శాస్త్రీయ నిబద్ధత నియమాలను ఉల్లంఘించారని 2020లో విచారణ తేల్చింది. 2025లో ట్రంప్ మళ్లీ గద్దెనెక్కాక నోవా అధిపతి పదవికి ప్రతిపాదించినది కూడా ఆ జేకబ్స్ పేరునే.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మొండితనంగా దీన్ని కొట్టిపారేయలేం. మొండివాడికి తన మాట నెగ్గితే చాలు. పాలకుడి లెక్క వేరు. దొర నందంటే నంది, పందంటే పంది అని మన పల్లెలు ఏనాడో కనిపెట్టిన లెక్క అది. ఎదురుగా ఉన్నది పంది అని దొరకు తెలుసు, కొలువులో అందరికీ తెలుసు. అయినా నంది అనిపించడంలోనే దొరతనం ఉంది. ఉన్న నిజానికి తల ఊపించడానికి అధికారం అక్కర్లేదు. పచ్చి అబద్ధానికి ఎవరెవరు తల ఊపుతారో చూస్తేనే తనవాళ్లెవరో తెలుస్తుంది.

రాజకీయాల్లో అబద్ధం కొత్తేమీ కాదు. అయితే వెనకటి అబద్ధానికి భయం ఉండేది. వాటర్‌గేట్ వ్యవహారంలో (ప్రత్యర్థి పార్టీ ఆఫీసులో చొరబాటు కేసు) అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ బొంకారు, తన సంభాషణల టేపులు దాచారు. టేపులు బయటపడ్డాక 1974 ఆగస్టులో పదవి వదులుకున్నారు. దాచుకున్నారంటే నిజానికి విలువ ఉందని ఒప్పుకున్నట్టే. ఇప్పుడు, ఉక్రెయిన్ నుంచి రష్యా లాక్కున్న క్రిమియా సంగతి చూడండి. అక్కడ తిరుగుతున్న సాయుధులు స్థానిక ఆత్మరక్షణ దళాలేననీ, అలాంటి యూనిఫాంలు దుకాణాల్లో దొరుకుతాయనీ 2014 మార్చిలో వ్లాదిమిర్ పుతిన్ చెప్పారు. ఏప్రిల్‌లో టీవీ కార్యక్రమంలో, మా సైనికులు అక్కడ ఉన్నారని ఆయనే ఒప్పుకున్నారు. తడబాటు లేదు, సంజాయిషీ లేదు. అబద్ధమాడాను, ఏం చేస్తారు అన్నట్టు.

మరి ఓటరు మాటేమిటి? 2017 జనవరిలో ట్రంప్ ప్రమాణ స్వీకారానికి చరిత్రలో ఎన్నడూ లేనంత జనం వచ్చారని శ్వేతసౌధం ప్రతినిధి షాన్ స్పైసర్ ప్రకటించగానే ఇద్దరు పరిశోధకులు ఒక సర్వే చేశారు. 2009లో ఒబామా సభ ఫొటో, 2017 ఫొటో పక్కపక్కన పెట్టి, ఎందులో జనం ఎక్కువున్నారని అడిగారు. ట్రంప్‌కు ఓటేసినవారిలో 15 శాతం ఖాళీలు కనిపిస్తున్న ఫొటోనే చూపించారు. వాళ్లకు చూపు మందగించలేదు. అడిగిన ప్రశ్న ఫొటో గురించి కాదని, నువ్వు ఎవరి మనిషివని అడుగుతున్నారని వాళ్లకు అర్థమైంది. దానికి జవాబిచ్చారు. మిగతా 85 శాతం మంది అలా చెప్పలేదన్న సంగతీ మరవకూడదు.

2020 ఎన్నికల్లో ఓడాక గెలిచింది తానేనని ట్రంప్ అనడంతో ఇదే ప్రశ్న ఆయన రిపబ్లికన్ పార్టీ మొత్తానికి ఎదురైంది. బైడెన్‌కు 306 ఎలక్టోరల్ ఓట్లు, ట్రంప్‌కు 232. కోర్టుల్లో వేసిన వ్యాజ్యాలు పదుల సంఖ్యలో వీగిపోయాయి. జార్జియాలో తేడా 11,779 ఓట్లు. 11,780 ఓట్లు వెతికిపెట్టమని ట్రంప్ 2021 జనవరి 2న అక్కడ ఎన్నికలు చూసే రాష్ట్ర కార్యదర్శి, తన పార్టీవాడే అయిన బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కు ఫోన్ చేశారు. ఆయన కుదరదన్నారు. లెక్కలో అలాంటి ఓట్లు లేవు మరి. అట్లాంటా శివార్లలో స్థిరపడి, పౌరసత్వం తీసుకుని, వరుసలో నిలబడి ఓటేసిన తెలుగువాళ్ల ఓట్లు కూడా ఆ లెక్కలోవే. నాలుగు రోజులకు ట్రంప్ మద్దతుదారుల గుంపులు పార్లమెంటు భవనంపై పడ్డాయి. పగిలిన అద్దాలు ఊడ్చీ ఊడవకముందే, అదే రాత్రి 147 మంది రిపబ్లికన్ చట్టసభ సభ్యులు ఫలితాలపై అభ్యంతరానికి ఓటేశారు. వాళ్లలో ఎందరు మనసులో నమ్మారో మనం చెప్పలేం, అది దొరకు అవసరమూ లేదు. కాదన్న రిపబ్లికన్ సభ్యురాలు లిజ్ చేనీ మొదట పార్టీ పదవి, 2022 ఆగస్టులో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే వయోమింగ్ ప్రాథమిక ఎన్నికలో ఘోరంగా ఓడి సీటు పోగొట్టుకున్నారు. అదే ఏడాది మే నెలలో, అదే పార్టీ ప్రాథమిక ఎన్నికలో, ట్రంప్ మద్దతిచ్చిన అభ్యర్థిని ఓడించి రాఫెన్స్‌పెర్గర్ నెగ్గారు. ఓటరు ఒకచోట తల ఊపాడు, ఇంకోచోట ఊపలేదు.

ఇందులో మా వృత్తి వాటా కూడా ఉంది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ట్రంప్ తొలి నాలుగేళ్లలోని అసత్య, తప్పుదోవ పట్టించే ప్రకటనలను ఓపికగా లెక్కించి 30,573 అని తేల్చింది. నిజం చూపిస్తే జనం అబద్ధాన్ని వదిలేస్తారని పత్రికలవాళ్లం అనుకున్నాం. మనిషి పొరపాటు పడితే అలా సరిదిద్దవచ్చు. హుకుం జారీ అయినప్పుడు అందులో అక్షర దోషాలు వెతికి ఏం లాభం? 2024లో ఆయనకు 7 కోట్ల 70 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. వాళ్లంతా అబద్ధాలు నమ్మారనడం అన్యాయం. సరుకుల ధరలు చూసి ఓటేసినవాళ్లు చాలామంది. కాకపోతే, బొంకు బయటపడితే నాయకుడి పని అయిపోతుందన్న పాత లెక్క అప్పటికే చెల్లని కాసైపోయింది. ‘అందరూ ఆడేవాళ్లే కదా’ అని ఓటరు నిట్టూర్చి ఊరుకుంటే అంతకన్నా పాలకుడికి కావలసిందేముంది? నమ్మనివాడు కూడా నోరెత్తడు.

డోరియన్ గొడవ సద్దుమణగకముందే, సెప్టెంబరు 9న, వాతావరణ నిపుణుల సదస్సు ఒకటి జరిగింది. అమెరికా జాతీయ వాతావరణ విభాగం డైరెక్టర్ లూయిస్ ఉచెలీని మాట్లాడుతూ, జనంలో కంగారు తగ్గించడానికే బర్మింగ్‌హామ్ సిబ్బంది ఆ మాట చెప్పారని వివరించి, వాళ్లను లేచి నిలబడమన్నారు. వాళ్లు లేచారు. వాళ్లతో పాటు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సదస్సు జరిగింది హంట్స్‌విల్‌లో. అలబామా రాష్ట్రంలోనే. డోరియన్ అటువైపు రానే లేదు.