జారిపోతున్న ‘సాధారణం’

వేసవిలో పత్రికలు తెరిస్తే ఒక వాక్యం తప్పనిసరిగా ఎదురవుతుంది: ‘రెంటచింతలలో సాధారణం కన్నా మూడు డిగ్రీలు అధికంగా ఉష్ణోగ్రత నమోదైంది.’ చాలామంది చూపు ఆ మూడు డిగ్రీల మీద ఆగుతుంది. నాకు మాత్రం కొన్నేళ్లుగా ‘సాధారణం’ అన్న మాట దగ్గరే ఆగిపోవడం అలవాటైంది. వాతావరణ లెక్కల్లో సాధారణం అంటే ముప్పై ఏళ్ల సగటు. ఇది ఏనాటి సాధారణం?

భారత వాతావరణ శాఖ వార్షిక నివేదికల్లో 2016 సంవత్సరం లెక్క చూడండి. 2023 నివేదిక ప్రకారం 2016లో దేశ సగటు ఉష్ణోగ్రత దీర్ఘకాలిక సగటు కన్నా 0.71 డిగ్రీలు ఎక్కువ. మరుసటి ఏడాది నివేదికలో అదే 2016కు ఉన్న అంకె 0.54. ఎప్పుడో గడిచిపోయిన సంవత్సరం మధ్యలో చల్లబడలేదు కదా! మారింది కొలబద్ద. మొదటిది 1981-2010 సగటుతో పోల్చి చెప్పిన లెక్క, రెండోది 1991-2020 సగటుతో. ముప్పై ఏళ్ల గంపలోంచి కాస్త చల్లటి దశాబ్దాన్ని తీసేసి, ఆ చోట వేడి దశాబ్దాన్ని వేశారు. సగటు పైకి జరిగింది, తేడా చిన్నదైంది.

ఇంకో చిత్రం కూడా జరిగింది. 2023లో అధికం 0.65 డిగ్రీలు. 2024లోనూ అధికం 0.65 డిగ్రీలే. రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకుని చదివినవారికి రెండేళ్లూ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. కానీ మొదటిది పాత సగటుతో కొలిచినది, రెండోది కొత్త సగటుతో కొలిచినది. 2016 లెక్కలో వచ్చిన తేడానే 2024కూ కలిపి చూస్తే, పాత కొలబద్ద మీద అది 0.8 దాటుతుంది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో 2024 అత్యంత వేడి సంవత్సరమని శాఖ స్పష్టంగానే ప్రకటించింది. దాపరికం ఏమీ లేదు. ముప్పై ఏళ్ల సగటును పదేళ్లకోసారి కొత్తగా లెక్కగట్టడం ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన పద్ధతి. రైతుకైనా, విద్యుత్ సంస్థకైనా కావలసింది తాతలనాటి వాతావరణం కాదు, ఇప్పటిది. పద్ధతి సరైనదే. అయితే దీర్ఘకాలిక మార్పును అర్థం చేసుకోవడానికి మాత్రం అది పనికిరాదు. నీటితో పాటే పైకి లేచే కొలబద్దతో వరద ఎత్తు కొలిస్తే ఏం తెలుస్తుంది?

అందుకే నిలకడగా ఉన్న లెక్క ఒకటి చూడాలి. 1901 నుంచి 2024 దాకా దేశ సగటు వార్షిక ఉష్ణోగ్రత వందేళ్లకు 0.68 డిగ్రీల చొప్పున పెరుగుతూ వచ్చింది. అత్యంత వేడిగా నమోదైన పదిహేను సంవత్సరాల్లో పది 2010-2024 మధ్యవే. 0.68 అంటే పెదవి విరిచేవారూ ఉన్నారు: ‘పొద్దుటికీ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీలు మారే దేశంలో ఇదొక లెక్కా?’ అని. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా, పుష్యం నుంచి జ్యేష్ఠం దాకా అన్నీ కలిపి తీసిన సగటు అంత సులువుగా కదలదు. అది కదిలిందంటే కింద చాలా కదిలినట్టు.

ప్రపంచ సగటుతో పోలిస్తే మన దేశం నెమ్మదిగానే వేడెక్కింది. దీన్ని చూసి ఊరట పొందేవారు కారణాలు కూడా తెలుసుకోవాలి. ఒకటి, గాలిలోని ధూళి, పొగ, సల్ఫేటు కణాలు. ఇవి సూర్యకాంతిలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి పంపుతాయి. రెండు, గంగా మైదానంలో విస్తరించిన సాగునీరు. తడి నేల నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే. అంటే మనల్ని కాస్త కాపాడుతున్నవి ఊపిరితిత్తులను పాడుచేసే పొగ, అడుగంటుతున్న భూగర్భ జలాలు. గాలిని శుభ్రం చేసుకోక తప్పదు. బోర్లు ఏదో ఒకరోజు ఎండక తప్పదు. అప్పటిదాకా దాగిన వేడి బయటపడుతుంది. అప్పు తీసుకుని కొన్న గొడుగు ఇది.

ఇక పగలు, రాత్రి సంగతి. వందేళ్ల ధోరణిలో మన పగళ్లే ఎక్కువ వేడెక్కాయి: గరిష్ఠ ఉష్ణోగ్రత వందేళ్లకు 0.89 డిగ్రీలు, కనిష్ఠం 0.46. కానీ 2024లో ఇది తిరగబడింది. పగటి ఉష్ణోగ్రత సాధారణం కన్నా 0.20 మాత్రమే ఎక్కువ, రాత్రిది 0.90. ఆ ఏడాది రికార్డు ప్రధానంగా రాత్రుల వల్ల వచ్చినదే. ఒక్క ఏడాదిని పట్టుకుని ధోరణి మారిందనడం తొందరపాటే అయినా, ఆ అంకెను పట్టించుకోకుండా వదిలేయడం నాకు నచ్చదు.

ఎందుకంటే మన సంస్కృతి అంతా వేసవి పగటిని ఓర్చుకునే పద్ధతుల మీదే నిలబడింది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని అన్నవాళ్లే ఆరుబయట మంచాలు వేసుకుని, డాబా మీద నీళ్లు చల్లి నిద్రపోయేవారు. పగలు పోగొట్టుకున్నది రాత్రి తిరిగి వచ్చేది. రాత్రి చల్లబడకపోతే శరీరం కోలుకోదు. గుండె జబ్బులున్నవారికి, రేకుల ఇళ్లలో ఉండేవారికి అసలు పరీక్ష అర్ధరాత్రి మొదలవుతుంది. పంటకూ అంతే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలంలో 1992-2003 మధ్య సేకరించిన వివరాల ప్రకారం, ఎండాకాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి పదో వంతు తగ్గింది. పగటి ఉష్ణోగ్రతతో అంతటి సంబంధం కనబడలేదు. దాళ్వా (రబీ వరి) వేసే గోదావరి, కృష్ణా డెల్టా రైతులు వినవలసిన లెక్క ఇది.

మళ్లీ ‘సాధారణం’ దగ్గరకే వస్తాను. వడగాడ్పు ప్రకటించాలంటే మైదానంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. తీరంలోనైతే 37 డిగ్రీలు, అదే తేడా. 45కు చేరితే తేడాతో పనిలేదు. ఒక ఊరి సాధారణం 38 నుంచి 38.5కు జరిగితే, నిన్నటిదాకా 42.5 దగ్గర వడగాడ్పు అనిపించుకున్న ఎండ రేపు 43 అయితే గాని ఆ పేరుకు నోచుకోదు. కూలి పనికి వెళ్లే మనిషి ఒళ్లు మాత్రం అర డిగ్రీ గట్టిపడదు.

‘వేడి రాత్రి’ నిర్వచనం ఇంకా విడ్డూరం. పగలు కనీసం 40 డిగ్రీలకు చేరిన రోజే ఆ లెక్కలోకి వస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో పగలు 36 డిగ్రీలే ఉండి, రాత్రంతా ఉక్కపోతతో పిల్లలు కునుకు తీయకపోతే దానికి అధికారికంగా పేరే లేదు.

పేరు ఉండటం, లేకపోవడం కాగితాల గొడవ కాదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేలమంది ఎండకు చనిపోయారు. తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచి నిర్ణయం. కానీ హెచ్చరిక జారీ కావడానికి, పని వేళలు మార్చడానికి వేడి ముందు వడగాడ్పు నిర్వచనం పెట్టిన గడప దాటాలి. గడపేమో దశాబ్దానికోసారి పైకి జరుగుతోంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. రోజువారీ నివేదికలో రెండు అంకెలుండాలి: ఇప్పటి సాధారణంతో తేడా ఒకటి, ఎన్నటికీ మార్చని పాత సగటుతో తేడా మరొకటి. వార్షిక నివేదికలో రాత్రులకు వేరుగా ఒక పేజీ ఉండాలి. లెక్కలన్నీ శాఖ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. లేకపోతే 2031 తర్వాత 2001-2030 సగటు కొత్త కొలబద్దగా వస్తుంది. 2024కు ఇప్పుడున్న 0.65 అప్పుడు ఇంకా చిన్నదవుతుంది. ఆ వేసవిని ఫ్యాను కింద చెమటలు కక్కుతూ గడిపినవారు, అది మరీ అంత వేడి ఏడాదేం కాదని కొత్త పట్టికలో చదువుకుంటారు.