అప్పగింత పూర్తయినది

మా విత్తనాల కంపెనీ కర్నూలు శాఖలో ఉద్యోగ విరమణ చేసేవారికి శాలువా కప్పి, పూలదండ వేసి, వేంకటేశ్వరస్వామి పటం చేతికిచ్చిన తరువాత, దండ ఇంకా మెడలో ఉండగానే ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. దాని పేరు అప్పగింతల పత్రం. తాళాలు ఎవరికి ఇచ్చారు, గుర్తింపు కార్డు వాపసు చేశారా, క్యాంటీనులో బాకీ ఉన్నదా అనే గడులన్నీ అయిపోయాక చిట్టచివర 'సంస్థకు ఉపయోగపడే మీ పరిజ్ఞానం' అనే గడి ఒకటి ఉంటుంది. జనరేటరు షెడ్డులో తల నెరిసేదాకా పనిచేసి మొన్న వేసవిలో విరమించిన పెద్దాయన ఆ గడిలో 'ఏమీ లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేశాడు. సిబ్బంది విభాగం వారు దానిని సరిచూసి 'అప్పగింత పూర్తయినది' అని ముద్ర కొట్టారు.

ఆయన అబద్ధం రాశాడని ఎవరూ అనలేరు. నీకున్న పరిజ్ఞానమేమిటని నలుగురి ముందు నిలబెట్టి అడిగితే మర్యాదస్తుడైన మనిషి ఇంకేం రాస్తాడు? 'ఈ జనరేటరు ఎప్పుడెప్పుడు మొండికేస్తుంది, అప్పుడు నువ్వేం చేస్తావు' అని అడిగి ఉంటే, మెడలోని దండ వాడిపోయేదాకా చెప్పి ఉండేవాడు. ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.

జనరేటరుకు కంపెనీవారిచ్చిన పుస్తకం ఉండాలి కదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీద పడినప్పుడు మా కార్యాలయం కూడా మునిగింది. నీళ్ళు తీసిన తరువాత పెద్దాయన జనరేటరును విప్పి, కడిగి, ఆరబెట్టి, తిరిగి బిగించి బతికించాడు. పుస్తకాన్ని కూడా మిద్దెమీద ఎండబెట్టారు గాని అది బతకలేదు. పుటలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలాగా తయారైంది. ఆ ఇటుకను పారేయడానికి ఎవరి అనుమతి కావాలో తెలియక ఇప్పటికీ బీరువాలోనే భద్రపరుస్తున్నారు.

ఇటువంటి పరిస్థితిలో హైదరాబాదు ప్రధాన కార్యాలయం వారికి, సంస్థలోని జ్ఞానమంతా ఉద్యోగుల తలకాయల్లో ఉండిపోతున్నదనీ, వారు వెళ్ళిపోతే తలకాయలతోపాటు అదీ వెళ్ళిపోతున్నదనీ తెలిసివచ్చింది. తెలిసిరావడం మంచిదే. అయితే దానికి వారు కనిపెట్టిన ఉపాయం 'జ్ఞాననిధి' అనే కంప్యూటరు ఏర్పాటు. ప్రతి ఉద్యోగీ తనకు తెలిసిన పని గురించి వారానికొక పాఠం రాసి అందులో వేయాలి. పాఠానికి 10 పాయింట్లు. 500 పాయింట్లు దాటినవారికి ప్రెషర్ కుక్కరు.

కుక్కరు మాట వినగానే మా శాఖలో జ్ఞానం పొంగింది. సెలవు చీటీ రాసే పద్ధతిని ఒక గుమాస్తా ముక్కలు ముక్కలు చేసి, తెల్లకాగితం ఎంపిక, మడత పెట్టు విధానం, తేదీ వేయు స్థలం అంటూ దేనికదే పాఠంగా సమర్పించి అందరికన్నా ముందు కుక్కరు పట్టుకెళ్ళాడు. క్యాంటీనులో ఉగ్గాని ఏ వేళకు అయిపోతుందో, దానితో బజ్జీ దొరకాలంటే ఏ వేళకు చేరుకోవాలో రాసిన పాఠాన్ని శాఖ మొత్తం చదివింది. నా దృష్టిలో ఆ నిధిలో నిజంగా పనికివచ్చినది అదొక్కటే. అమ్మకాల విభాగంలోని కుర్రవాళ్ళు మాత్రం ఏ ఊళ్ళో ఏ దుకాణదారు బాకీ ఎగ్గొడతాడో, ఎవరికి అరువిస్తే నిశ్చింతగా నిద్రపోవచ్చో మచ్చుకైనా రాయలేదు. అది వారి బతుకుతెరువు; కుక్కరు కోసం ఎవరు వదులుకుంటారు? వినయమే విజయానికి సోపానమని రాసి పది పాయింట్లు తీసుకున్నారు.

జనరేటరు గురించి కూడా పాఠం పడింది. పెద్దాయన స్థానంలోకి వచ్చిన కుర్ర ఇంజనీరు బుద్ధిమంతుడు, పట్టా ఉన్నవాడు. చేరిన వారంలోనే 'జనరేటరు నడుపు విధానము' అని శుభ్రంగా రాసి పెట్టాడు. ఆ పాఠాన్ని ఎవరూ చదవలేదు గాని పాయింట్లు పడ్డాయి.

జ్ఞాననిధికి ఏడాది నిండిన సందర్భంగా ప్రధాన కార్యాలయం నుండి ఆ విభాగం అధిపతి మేడం స్వయంగా వచ్చారు. జూను మాసం, విత్తనాల అమ్మకాలు ముమ్మరంగా సాగే కాలం, ఆపైన కర్నూలు ఉక్కపోత. సమావేశపు గదిలో ఏసీ వేసి, తెర దించి, మేనేజరుగారు ప్రసంగం మొదలుపెట్టారు. ఆయన చదువుకున్న మనిషి. అపోలో యాత్రలకు వాడిన శాటర్న్-5 రాకెట్టు కింద ఎఫ్-1 అనే మహా ఇంజన్లుండేవనీ, దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2013లో, నాసా కుర్ర ఇంజనీర్లు వాటిని అర్థం చేసుకోవడానికి పాత ఇంజనును విప్పి, పాత భాగాలను మళ్ళీ మండించి చూడవలసి వచ్చిందనీ చెప్పారు. పటాలు పోలేదట. కాగితాలన్నీ భద్రంగానే ఉన్నాయట. ఆనాడు వాటిని చేతితో అతికిన పనివారు ఇంజనుకొక రకంగా చేసుకున్న చిన్న చిన్న సర్దుబాట్లు మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదట. వినడానికి చాలా బాగుంది. ఆ వెంటనే మైకేల్ పొలాని అనే తత్వవేత్త 1966లో చెప్పిన మాట, మనం చెప్పగలిగినదానికన్నా మనకు తెలిసినది ఎక్కువ అనే అర్థం వచ్చేది, తెరమీద పెద్ద అక్షరాలతో కనిపించింది. కనిపించిన మరుక్షణం కరెంటు పోయింది.

జనరేటరు అందుకుంటుందని అందరూ చీకట్లో కాసేపు చిరునవ్వుతో కూర్చున్నారు. అది అందుకోలేదు. షెడ్డులో నుండి ఇంజను తిరిగిన చప్పుడు, దగ్గిన చప్పుడు, ఆగిపోయిన చప్పుడు వరసగా వినిపించసాగాయి. గంట, రెండు గంటలు కరెంటు లేకపోయినంత మాత్రాన తలుపులు మూసి ఉన్న మా శీతల గిడ్డంగిలోని విత్తనాలకు వచ్చే ముప్పేమీ లేదు. మేడం గారి నుదుటిమీద చెమటకే ముప్పు.

విధానము చూడండని మేనేజరుగారు ఆజ్ఞాపించారు. విధానము జ్ఞాననిధిలో ఉన్నది. జ్ఞాననిధి కంప్యూటరులో ఉన్నది. భద్రత దృష్ట్యా అది కార్యాలయం లోపలి నెట్‌వర్కు మీద తప్ప ఫోనులో తెరుచుకోదు. ఆ నెట్‌వర్కు నడవడానికి కరెంటు కావాలి. కరెంటు రావడానికి జనరేటరు లేవాలి. ఈ గొలుసును మేడం గారికి ఎవరు విడమరచి చెప్పాలా అని అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటుండగా, దేనినీ నమ్మని మా వృద్ధ అకౌంటెంటుగారు తన సొరుగులో నుండి ఆ పాఠం అచ్చు ప్రతిని తీసి ఇచ్చారు. ఫోను వెలుతురులో మేనేజరుగారు బిగ్గరగా చదివారు: 'తాళము తిప్పవలెను. ఇంజను ప్రారంభమగును. ప్రారంభము కానిచో సంబంధిత వ్యక్తిని సంప్రదించవలెను.'

సంబంధిత వ్యక్తి ఓర్వకల్లు అవతల తన చేనులో ఉన్నాడు. ఫోను ఎత్తాడు.

"పెద్దాయనా, నేను మేనేజరును."

"ఆ సార్, బాగుండారా? అన్నం తింటిరా?"

"అన్నం సంగతి తరువాత. జనరేటరు లేవడంలేదు."

"ఫోను దాని కాడ పెట్టండి సార్, సప్పుడు ఇననీ."

మేనేజరుగారు ఫోనును ఇంజనుకు ఆనించి పట్టుకున్నారు. కుర్ర ఇంజనీరు తాళం తిప్పాడు. తిరిగింది, దగ్గింది, ఆగింది.

"తొట్టి ఎండబెట్టి డీజిలు పోసినారు గదా సార్?"

పోశారు. వారం కిందట తొట్టి పూర్తిగా ఖాళీ అయిన తరువాతే పోశారు. ఆ సంగతి పాఠంలోనూ లేదు, మేనేజరుగారికీ తెలియదు. చేనులో నిలబడిన మనిషికి చప్పుడులో వినిపించింది.

"గాలి మింగింది సార్ అది. గాలి మింగినాక ఎంత తిప్పినా లేయదు, ఉత్తగా బ్యాటరీ సస్తాది. జంట సెంబులుండాయి సూడండి, వాటి నెత్తిన బొడ్డు ఉంటాది. దాన్ని అర చుట్టు వదులు జేసి, కింద కొక్కిరాయిని కొట్టాల. నురగంతా పోయి సమురు…"

ఓర్వకల్లు రాళ్ళ మధ్య సిగ్నలు అంతటితో తెగిపోయింది.

తరువాత షెడ్డులో జరిగిన అన్వేషణను వర్ణించడం కష్టం. మేనేజరుగారు టై వదులు చేసుకుని, ఫోను వెలుతురు పట్టుకుని, "బొడ్డు ఎక్కడయ్యా, బొడ్డు?" అని అరుస్తున్నారు. ఇంధనం గొట్టంలో గాలి చేరితే దానిని ఎలా వెళ్ళగొట్టాలో కుర్ర ఇంజనీరు పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాడు గాని, తన చదువులో ఎక్కడా కొక్కిరాయి తగలలేదని దీనంగా మనవి చేసుకుంటున్నాడు. కుక్కరు గెలిచిన గుమాస్తా, రేడియేటరు మూతను చూపించి ఇదేనేమో అన్నాడు. అదృష్టవశాత్తూ ఎవరూ దానిని విప్పలేదు. మేడం గారు గుమ్మం దగ్గర నిలబడి తమ పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. ఆ రాత మా శాఖకు మేలు చేసేది కాదని చీకట్లో కూడా తెలుస్తూనే ఉన్నది.

అప్పుడు టీ పళ్ళెంతో క్యాంటీను కుర్రవాడు వచ్చాడు. కరెంటు పోతే ఏం, టీ వేళకు టీ రావాలి కదా. వాడు పళ్ళెం పక్కన పెట్టి, "గాలి మింగిందా సార్?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పకముందే స్విచ్చుబోర్డు వెనుకకు చేయి పెట్టి స్పానరు తీశాడు. ఆ స్పానరు అక్కడున్నదని సామాను పట్టికలో లేదు. రెండు ఫిల్టర్ల నెత్తిన ఉన్న చిన్న బోల్టును అర చుట్టు తిప్పి, కింద కొంగమెడలా వంగి ఉన్న చేతిపంపు మీటను టకటకా కొట్టాడు. మొదట నురగ వచ్చింది. ఆ తరువాత బుడగలు. ఇంకాసేపటికి బుడగ లేని డీజిలు ధారగా కారింది. "ఇప్పుడు బిగించాల సార్. ముందే బిగిస్తే మల్లా మొదటికొస్తాది" అని చెబుతూ బిగించాడు. లోడు మార్చే స్విచ్చును నడిమధ్యకు తెచ్చి, తాళం తిప్పమన్నాడు. జనరేటరు ఒక్క అరుపుతో లేచింది. అది కుదురుకున్నాక వాడు స్విచ్చు మార్చగానే సమావేశపు గదిలో ఏసీ తిరిగింది, ఎవరూ లేని తెరమీద పొలాని మాట మళ్ళీ వెలిగింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని మేడం గారు అడిగితే, వాడు దానికి ప్రత్యేకంగా నేర్చుకోవడమెందుకన్నట్లు చూశాడు. సాయంత్రంపూట పెద్దాయనకు టీ తెచ్చి, ఖాళీ గ్లాసు కోసం కాచుకుని నిలబడేవాడట. పెద్దాయన టీ తాగుతూ మిషనుతో మాట్లాడేవాడట. వీడు వినేవాడట. వాడికి జ్ఞాననిధిలో ఖాతా లేదు. క్యాంటీను కాంట్రాక్టు మనిషి కాబట్టి నియమాలు ఒప్పుకోవు.

మేడం గారు తెలివైనవారు. జరిగినదానిలో నవ్వు ఎంత, పాఠం ఎంత అన్నది వెంటనే గ్రహించారు. జెరాక్స్ కంపెనీలో యంత్రాలు బాగుచేసేవారి వెంట 1980లలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త తిరిగి, వారు కంపెనీ పుస్తకాలకన్నా ఫలహారాల దగ్గర చెప్పుకునే కథల నుండే ఎక్కువ నేర్చుకుంటున్నారని గమనించిన సంగతి ఆ సాయంత్రం ఆవిడే మాకు చెప్పారు. తరువాతి దశాబ్దంలో ఆ కథలలోని చిట్కాలను కంప్యూటరులో కూర్చినప్పుడు, చిట్కాకు ఇంత అని డబ్బిద్దామన్న ఆలోచన వస్తే పనివారే వద్దన్నారట. చిట్కా పక్కన చెప్పినవారి పేరుంటే చాలునన్నారట. తోటి పనివారు పరీక్షించి సరేనన్న తరువాతే అది అందులోకి ఎక్కేదట. కుక్కరు గెలిచిన గుమాస్తా ఈ మాటలు వింటున్నంతసేపూ కిటికీలోనుండి బయటికి చూశాడు.

ఆనాటి నుండి సాయంత్రం టీ షెడ్డు దగ్గరికి మారింది. నియమం ఒక్కటే: నీకేం తెలుసు అని ఎవరినీ అడగకూడదు, నిన్న ఏది మొరాయించింది, ఏం చేశావు అని అడగాలి. ఆశ్చర్యమేమిటంటే మనుషులు నోరు విప్పారు. గోదాములో బస్తాలను గోడకు ఆనించి పేర్చితే చెమ్మ లాగి విత్తనం మొలక దెబ్బతింటుందనీ, తాను మూరెడు జాగా వదిలి చెక్కలమీద పేర్చుతాననీ హమాలీ మేస్త్రి చెప్పాడు. ఆదోని వైపు ఒక దుకాణదారు పత్తి డబ్బు చేతికందాకగాని బాకీ కట్టడనీ, దసరాకు ముందు అడగడం పెట్రోలు దండగనీ అమ్మకాల కుర్రవాడు బజ్జీ నములుతూ నోరు జారాడు. జారిన తరువాత నాలుక కరుచుకున్నాడు గాని, మరునాడు ఇంకొకడు నంద్యాల వైపు సంగతి చెప్పి బాకీ తీర్చాడు. కుర్ర ఇంజనీరు ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో, చెప్పినవారి పేరుతో సహా, వారు పలికినట్లే రాసుకుంటున్నాడు. అందులో మొదటి పుటలో బొడ్డు, కొక్కిరాయి బొమ్మలున్నాయి. క్యాంటీను కుర్రవాడే దిద్దాడు.

ప్రధాన కార్యాలయం ఊరుకుంటుందా? తాగిన టీల సంఖ్య, ఒక్కొక్క టీకి లభించిన పాఠాల సంఖ్య, హాజరైనవారి సంతకాలు నింపవలసిన పట్టిక ఒకటి పంపారు. దానిని ఉగ్గాని వ్యాసకర్తకు అప్పగించాము. ఊహాశక్తి గలవాడు, చక్కగా నింపుతున్నాడు.

చిక్కు ఆడిటులో వచ్చింది. 'జ్ఞాన నిర్వహణ పద్దు కింద మిరపకాయ బజ్జీలు కొనుగోలు చేసినట్లు వోచర్లు కలవు. ఇట్టి ఖర్చునకు సమర్థన ఏడు దినములలో తెలుపవలెను' అని కాగితం వచ్చింది. మేనేజరుగారు జవాబు నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు చించారు. నాసాను ఉదహరించి చూశారు. ఆడిటువారికి బజ్జీకీ చంద్రమండలానికీ సంబంధం చూపడం కష్టమని మానుకున్నారు. ఇటువంటి అభ్యంతరాలకు గిట్టుబాటయ్యే జవాబు రాయగలవారు మా శాఖలో వృద్ధ అకౌంటెంటుగారు ఒక్కరే, ఆయనకు నెలాఖరున శాలువా కప్పుతున్నారు. అప్పగింతల పత్రం కూడా అప్పటికే ఆయన బల్లమీదకు వచ్చింది, చివరి గడి తప్ప అన్నీ నింపి ఉన్నాయి.

మేనేజరుగారు ఆ పత్రాన్ని మడిచి పక్కన పెట్టి, వేడి బజ్జీల పొట్లం విప్పి బల్లమీద ఉంచి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. "పెద్దాయనా, వరదలో వోచర్లన్నీ కొట్టుకుపోయిన ఏడాది ఆడిటుకు ఏం జవాబు రాసినారు?" అని అడిగారు.

అకౌంటెంటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అది శానా పెద్ద కథ సార్. ఇంకో పొట్లం చెప్పండి" అన్నారు.