ఏడాది దాకా గుడ్డు ఆపడం జాగ్రత్తేం కాదు

విశాఖలో గాజువాక అయినా ఎంవీపీ కాలనీ అయినా, ఆరేడు నెలల బిడ్డ ఉన్న ఇంట్లో గుడ్డు మాటెత్తితే ఒకటే గోల, ఇప్పుడే వద్దమ్మా, వేడి చేస్తుంది, అరగదు, ఏడాది నిండనీ అని. కొందరేమో పచ్చసొన పెట్టొచ్చు గానీ తెల్లసొన తర్వాత చూద్దాం అంటారు. శాకాహారులైతే వేరే సంగతి, కానీ పొద్దున్నే ఆమ్లెట్లు వేసుకునే ఇళ్లలోనూ బిడ్డకొక్కదానికే ఈ రూలేంటో.

పెద్దల్ని పూర్తిగా తప్పుపట్టలేం, ఒకప్పుడు డాక్టర్లు చెప్పిందీ అదే. అలర్జీ రిస్క్ ఉన్న పిల్లలకి రెండేళ్ల దాకా గుడ్డు వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో చెప్పింది, అలా ఆపితే లాభమని ఆధారాల్లేవని 2008లో వాళ్లే మాట మార్చుకున్నారు. మన దగ్గర మొదటి మాటే పాతుకుపోయింది.

అసలు విషయం ఇది. బిడ్డకి గుడ్డు పెట్టకపోయినా గుడ్డు బిడ్డ దాకా వస్తూనే ఉంటుంది, మన చేతుల మీద, ఇంట్లో దుమ్ములో దాని ప్రొటీన్ ఉంటుంది, ఎగ్జిమాతో, అంటే చర్మం ఎండి దురదపెట్టే జబ్బుతో, చర్మం పగిలిన బిడ్డకి అది దొడ్డిదారిన లోపలికి పోతే ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, అదే నోటి ద్వారా వెళ్తే అలవాటు పడుతుంది అనేది ఇప్పుడు చాలామంది అలర్జీ నిపుణులు చెప్పే లెక్క. 2017లో వచ్చిన జపాన్ స్టడీలో ఎగ్జిమా ఉన్న పిల్లలకి చర్మానికి మందు వాడుతూనే ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడి కొద్దికొద్దిగా పెట్టారు, ఏడాది వయసుకి వీళ్లలో 8 శాతం మందికి గుడ్డు అలర్జీ ఉంటే పెట్టనివాళ్లలో 38 శాతం మందికి ఉంది. ఇక ఆపి ఏం సాధించినట్టు?

పద్ధతి మాత్రం ముఖ్యం. ఆరు నెలలు నిండి, మెడ నిలబెట్టి ఆసరాతో కూర్చోగలిగితే, సొన గట్టిపడేదాకా ఉడికించి, తెలుపూ పసుపూ రెండూ మెత్తగా మెదిపి, తల్లిపాలతోనో గంజితోనో పావు స్పూన్ చాలు. జలుబూ జ్వరం లేని రోజు పొద్దున పూట పెట్టండి, రెండు గంటలు గమనించండి. బాగుంటే పెంచుకుంటూ వారంలో రెండు మూడుసార్లు తప్పకుండా ఇవ్వండి. బండి మీద హాఫ్‌బాయిల్ రుచులు బిడ్డకొద్దు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ప్రమాదం. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు కనిపిస్తే ఆపేసి వెంటనే డాక్టర్‌కి చూపించండి, ఊపిరి అందకపోతే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తండి. ఎగ్జిమా బాగా ఎక్కువున్నా, ముందే ఏదైనా ఫుడ్ పడకపోయినా పిల్లల డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. గుడ్డు అరగదనే ఇంట్లోనే టీలో ముంచిన బిస్కెట్ బిడ్డ నోట్లో పెడతారు, డబ్బా పౌడర్‌కి వందలు పోస్తారు. పిల్లల డబ్బా పాలకి యాడ్స్ వద్దన్న 1992 నాటి చట్టాన్ని 2003లో ఇంకా బిగించి రెండేళ్లలోపు పిల్లల ఫుడ్‌కీ యాడ్స్ ఇవ్వకూడదన్నారు, అయినా రీల్స్‌లో ముద్దుగా మాట్లాడే అక్కలు అదే డబ్బాని చూపిస్తుంటే పట్టించుకునేవాడు లేడు. గుడ్డుకి యాడ్ తీసేదెవరు? అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్లు కూడా చాలా ఇళ్లలో నాన్న ప్లేట్‌లోకో పెద్ద పిల్లాడి బాక్స్‌లోకో పోతున్నాయి, ఎందుకంటే చిన్నదానికి ఇంకా ఏడాది నిండలేదు మరి.