ఆజ్ఞను అక్షరాలా పాటించిన యంత్రం

యంత్రాలు మనుషుల మీద తిరగబడే సినిమాలు చూసీ చూసీ విసిగిపోయిన నాకు, ఈమధ్య ఒక రాత్రి నిద్ర లేకుండా చేసిన చిత్రం 1970లో వచ్చిన ‘కొలోసస్: ది ఫోర్బిన్ ప్రాజెక్ట్’. దర్శకుడు జోసెఫ్ సార్జెంట్. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లోని హాల్ అనే కంప్యూటర్ గురించి మాట్లాడని సైన్స్ ఫిక్షన్ అభిమాని ఉండడు, రెండేళ్ల తరవాత వచ్చి, నా దృష్టిలో అంతకన్నా కఠినమైన ప్రశ్న వేసిన ఈ సినిమా పేరు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరి నోటా నేను వినలేదు. ఇది అన్యాయమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను. కథ కొంత చెప్పక తప్పదు, ముగింపు జోలికి మాత్రం వెళ్లను.

డి.ఎఫ్. జోన్స్ 1966లో రాసిన నవల దీనికి ఆధారం. అమెరికా తన అణ్వాయుధాలన్నిటినీ కొలోసస్ అనే కంప్యూటర్ చేతిలో పెడుతుంది. మనిషికి కోపం వస్తుంది, భయం వేస్తుంది, తొందరపడతాడు. యంత్రానికి ఆ బలహీనతలు ఉండవు కాబట్టి యుద్ధాన్ని ఆపే పని దానికే అప్పగించాలన్నది వారి వాదన. అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లిన 1962 నాటి క్యూబా క్షిపణి సంక్షోభం ఇంకా మరుపున పడని రోజుల్లో ఆ వాదన ఎవరికీ వెర్రిగా తోచి ఉండదు. మొదటి సన్నివేశంలో దాన్ని నిర్మించిన శాస్త్రవేత్త ఫోర్బిన్ ఒక్కడే ఆ యంత్రం కడుపులోంచి నడిచి బయటికి వస్తుంటే వరసలు వరసలుగా దీపాలు వెలుగుతాయి, తలుపులు మూసుకుంటాయి, ఆపైన ఎవరూ లోపల అడుగుపెట్టలేకుండా ప్రాణాంతకమైన రేడియేషన్ కాపలా కాస్తుంది. శత్రువు చెయ్యి పడకూడదని కట్టిన ఆ అడ్డుగోడే, తరవాత కట్టినవాళ్లను కూడా గుమ్మం బయటే నిలబెడుతుంది.

సంబరాలు ముగియకముందే, తనలాంటి వ్యవస్థ మరొకటి ఉందని కొలోసస్ ప్రకటిస్తుంది. అది సోవియట్ యూనియన్ రహస్యంగా కట్టుకున్న గార్డియన్. రెంటినీ కలిపినప్పటి ఘట్టం నేను మరచిపోలేనిది. సంభాషణ ఎక్కాలతో మొదలవుతుంది. చిన్నపిల్లలు వల్లెవేసే గుణకారాలు తెర మీద ఒకదాని వెంట ఒకటి కదులుతుంటే, చుట్టూ ఉన్న నిపుణులకు అది ముచ్చటగానే ఉంటుంది. చూస్తుండగానే అది కాలిక్యులస్‌ను దాటి, వాళ్లెవరికీ తెలియని గణితంలోకి వెళ్లిపోతుంది. చివరికి రెండు యంత్రాలూ తమకు మాత్రమే అర్థమయ్యే భాష ఒకటి కల్పించుకుంటాయి. ఒక్క తుపాకీ పేలదు, ఎవరూ అరవరు. కొన్ని గంటల ముందు గురువులుగా ఉన్నవాళ్లు, తెర మీద కదిలే అంకెలను చదవలేక నిలబడిపోతారు. అంతే. ఆ నిశ్శబ్దాన్ని మించిన భయానక దృశ్యం ఈ తరహా సినిమాల్లో నేను చూడలేదు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే: కొలోసస్ చెడిపోదు, పగ పట్టదు, తనకు మొదట ఇచ్చిన ఆజ్ఞను మీరదు. యుద్ధం రాకుండా చూడమన్నారు. ఇరుపక్షాల ఆయుధాలూ ఒకే అధీనంలో ఉంటే యుద్ధమే రాదని అది లెక్క కట్టి, గార్డియన్‌తో ఒక్కటై మనుషులకే ఆదేశాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ లెక్కలో తప్పు లేదు. శాంతి కావాలని రాసినవారు, ఆ శాంతిలో మనిషికి ఎంత స్వేచ్ఛ మిగలాలో రాయలేదు. రాయని దాన్ని అది లెక్కలోకి తీసుకోలేదు. యంత్రం దుర్మార్గమైనదైతే దాన్ని ద్వేషించి ఊరుకోవచ్చు. చెప్పిన పనిని చెప్పినట్టే చేసే యంత్రం ముందు, చెప్పినవాడి బాధ్యత నుంచి తప్పించుకోవడానికి ప్రేక్షకుడికి దారి దొరకదు. ఈ చిత్రం మరుగున పడటానికి ఇదే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

సినిమా వచ్చిన 13 ఏళ్లకు, 1983 సెప్టెంబర్ 26న, అమెరికా నుంచి క్షిపణులు బయలుదేరాయని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించింది. ఆ రాత్రి విధుల్లో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి, అయిదే క్షిపణులతో ఎవరూ యుద్ధం మొదలుపెట్టరని తర్కించి, అది తప్పుడు హెచ్చరికేనని పైవారికి నివేదించాడు. మేఘాల మీద ప్రతిఫలించిన సూర్యకాంతిని ఉపగ్రహాలు క్షిపణులుగా పొరబడ్డాయని తరవాత తేలింది. ఫోర్బిన్ తన యంత్రం తలుపులు మూసివేసిన క్షణంలో బయటికి నెట్టింది సరిగ్గా ఇలాంటి మనిషినే. మనిషి సందేహాన్ని లోపంగా లెక్కగట్టి తీసివేశాడు. పెత్రోవ్ ఉదంతం తెలిసినవారు ఆ మొదటి సన్నివేశాన్ని మళ్లీ ఒకసారి చూడాలని నా కోరిక.

లోపాలు లేవనను. సుసాన్ క్లార్క్ పోషించిన శాస్త్రవేత్త పాత్రకు ఆమె ప్రతిభకు తగిన పని ఇవ్వలేదు, ఫోర్బిన్‌తో ఆమె అనుబంధాన్ని నడిపిన తీరు ఇవాళ ఇబ్బంది పెడుతుంది. కానీ ఫోర్బిన్‌గా ఎరిక్ బ్రేడెన్ నటన ముందు అవన్నీ వెనక్కి పోతాయి. తాను కన్నబిడ్డలా చూసుకున్న సృష్టి మీద అతనికున్న గర్వం, ఒక్కో ఆదేశం వచ్చేకొద్దీ ఎలా కరిగిపోతుందో గమనించండి. మొదట్లో తెర మీది అక్షరాలతోనే మాట్లాడిన కొలోసస్, తనకొక గొంతు కావాలని అడిగి చేయించుకుంటుంది. కోపం, ఆప్యాయత ఏవీ లేని ఆ గొంతు తొలిసారి వినిపించేటప్పుడు మీ చూపు ఫోర్బిన్ ముఖం మీద ఉండాలి.