పూర్వాషాఢలో పుట్టిన యుద్ధవిమానాలు

మొన్న అల్వాల్‌లో మా చెల్లెలి కూతురికి బారసాల. పాపది పూర్వాషాఢ మూడో పాదం. పంతులుగారు పంచాంగం మూసి "ఫా అక్షరంతో పెట్టుకోండమ్మా" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. ఎంత ఆలోచించినా మాకు తట్టిన పేరు ఫాల్గుణి ఒక్కటే. దాన్ని మా చెల్లెలి తోటికోడలు మూడేళ్ళ కిందటే తన కూతురికి వాడేసుకుంది. (ఆ పిల్లది పూర్వాషాఢ కూడా కాదు. ఈ సంగతి ఆ పూట నాలుగుసార్లు చర్చకొచ్చింది.)

పైఅంతస్తులో ఉండే అంకుల్ ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్లు విప్పి బిగించి రిటైరైన మనిషి. గారె నములుతూ ఆదుకున్నారు. "ఫాతో పేర్లకేం కరువమ్మా! ఫిష్‌బెడ్, ఫ్లాగర్, ఫుల్‌క్రమ్, ఫ్లాంకర్, ఫాక్స్‌బ్యాట్." పంతులుగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, ఆఖరిదానికి శాస్త్రరీత్యా అభ్యంతరం లేదన్నారు.

అంకుల్ చదివినవన్నీ సోవియట్ యుద్ధవిమానాల పేర్లు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇన్నాళ్ళూ అక్షరం చూసి పేరు పెట్టే అలవాటు మనదొక్కరిదే అనుకున్నాను. కాదు. అమెరికావాళ్ళూ వాళ్ళ మిత్రదేశాలూ కలిసి నడిపే నాటో కూటమిది కూడా ఇదే సంప్రదాయం. సోవియట్ యూనియన్ కొత్త విమానం తయారుచేస్తే దాని అసలు పేరేమిటో చాలాసార్లు వీళ్ళకి తెలిసేది కాదు. అందుకని జాతకం వేశారు. ఫైటర్‌గా పుడితే ఎఫ్, బాంబర్‌గా పుడితే బి, సరుకులు మోసేదైతే సి, హెలికాప్టరైతే హెచ్. ఏ కోవకీ రాని వాటికి ఎం. నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం అనే మన తలనొప్పి కూడా లేదు. జాతికి ఒక్క అక్షరం, అంతే.

పైగా ఛందస్సు ఉంది. ఫ్యాను తిరిగే విమానమైతే పేరు ఒక్క పలుకులో అయిపోవాలి, జెట్ అయితే రెండు పలుకులుండాలి. మన ఎయిర్‌ఫోర్స్ వాడే సరుకుల విమానం ఏఎన్-32కి ఫ్యాన్లుంటాయి కాబట్టి అది క్లైన్. ఐఎల్-76 జెట్ కాబట్టి క్యాండిడ్. రేడియోలో ఎవడైనా అరిచి చెప్తే పేరు వినగానే వచ్చేది ఏ రకమో అర్థమైపోవాలి. హెలికాప్టర్లకి ఈ గణాల పట్టింపు లేదు. ఎంత ఛాందసులైనా ఎక్కడో ఒకచోట సర్దుకుపోతారు.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఈ పేర్లు పెట్టింది పగవాడు. సోవియట్‌వాళ్ళ మిగ్-21 అందమైన విమానం. దానికి ఫిష్‌బెడ్ అని పెట్టారు, విడదీసి చదివితే చేపల పరుపు. కన్నవాళ్ళెవరూ పెట్టే పేరు కాదది. మన దగ్గర కొన్ని ఇళ్ళల్లో పేరు పెట్టే హక్కు మేనత్తది. రెండూ ఒకటే కదా అనేవాళ్ళున్నారు. నేను ఆ చర్చలోకి వెళ్ళను.

అమెరికా సొంత పిల్లల కథ ఇంకో రకం. ఒకే విమానాన్ని వాళ్ళ నేవీ ఎఫ్4హెచ్ అంది, ఎయిర్‌ఫోర్స్ ఎఫ్-110 అంది. తండ్రి తరఫు పేరు ఒకటి, తల్లి తరఫు పేరు ఒకటి. చివరికి 1962లో పెద్దమనుషులు కూర్చుని అందరికీ ఒకే పద్ధతి పెట్టి, దాన్ని ఎఫ్-4గా ఖాయం చేశారు. పద్ధతి వచ్చింది గానీ బుద్ధి రాలేదు. ఎఫ్ అంటే ఫైటర్, ఆకాశంలో సాటి విమానంతో కొట్లాడేది. ఎఫ్-117 ఉంది చూడండి, రాడార్‌కి దొరక్కుండా రాత్రిపూట వెళ్ళి బాంబులు వేసి రావడమే దాని ఉద్యోగంగా ఉండేది. అయినా ఎఫ్. చెరువు పూడ్చి కట్టిన అపార్ట్‌మెంట్‌కి మన బిల్డర్లు లేక్ వ్యూ అని పెట్టినట్టు.

నాకు బాగా నచ్చింది యూ-2. యూ అంటే యుటిలిటీ, అంటే చిల్లర పనుల బండి. నిజానికి అది పైనుంచి ఊళ్ళకి ఊళ్ళు ఫొటోలు తీసే గూఢచారి. 1960 మే 1న సోవియట్ గడ్డ మీద దాన్ని కూల్చేస్తే, వాతావరణ పరిశోధనకి వెళ్ళిన విమానమని అమెరికా చెప్పింది. తర్వాత పైలట్ ప్రాణాలతో దొరికాడని తెలిసింది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి మీద ప్రెస్ స్టిక్కర్ చూసినప్పుడల్లా నాకు ఆ యూ అక్షరమే గుర్తొస్తుంది.

ఇక మన విషయం. కిరణ్, దీపక్, తేజస్, ధ్రువ్, విజయ్, ప్రతాప్, అక్బర్. ఇది ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీ అటెండెన్స్ రిజిస్టర్ కాదు, మన సైన్యం అప్పుడూ ఇప్పుడూ నడిపిన విమానాల, హెలికాప్టర్ల పేర్లు. దుండిగల్ అకాడమీలో ఒకప్పుడు కుర్రాళ్ళు మొదట దీపక్ మీద నేర్చుకుని తర్వాత కిరణ్ ఎక్కేవాళ్ళు. తేజస్ తొలిసారి ఎగిరింది 2001 జనవరిలో, వాజపేయి దానికి పేరు పెట్టింది 2003లో. 1983లో కడుపున పడ్డ బిడ్డకి ఇరవై ఏళ్ళకి బారసాల! మా వాళ్ళు ఇరవై ఒకటో రోజుకే కొట్టుకుంటున్నారు.

పేర్ల స్టాకు తక్కువైనప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. మిగ్-21లో ఒక రకం త్రిశూల్, ఇదే హైదరాబాద్‌లో డీఆర్‌డీవో తయారుచేసిన క్షిపణీ త్రిశూలే. కార్గిల్‌లో టైగర్ హిల్ మీద బాంబులు వేసిన మిరాజ్-2000 పేరు వజ్ర. మన ఆర్టీసీ కాలనీల్లోంచి వరంగల్‌కి నడిపిన చిన్న ఏసీ బస్సూ వజ్రే. 1981 నుంచి 2006 దాకా మన దగ్గరున్న మిగ్-25కి గరుడ అని పేరు. ధ్వనికి రెండున్నర రెట్ల పైన వేగం దానిది. ఆర్టీసీ గరుడ సంగతి మియాపూర్ దగ్గర ఇరుక్కున్నవాళ్ళని అడగండి.

"మరి మీరు మిగ్‌ని ఎప్పుడైనా త్రిశూల్ అని పిలిచారా అంకుల్?" అని అడిగాను. "ఎవడు పిలుస్తాడయ్యా, ట్వంటీవన్ అనేవాళ్ళం. త్రిశూల్ అంటే ఆఫీసులో కాగితం మీదే" అన్నారు.

చివరికి మా బావ పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో 'ఫాలాక్షి' అని రాశాడు. ఆ పేరు ఆధార్‌లో ఉంటుంది. అప్పుడే హకీంపేట వైపు నుంచి ఒక కిరణ్ నెత్తిమీదుగా పోయింది. పాప ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది. మా అమ్మ ఒళ్ళోకి తీసుకుని "చిట్టీ, నా చిట్టీ" అంది. ఇల్లంతా చిట్టి అనడం మొదలుపెట్టింది.

అంకుల్ చెయ్యి కడుక్కుని వచ్చి పాపనీ, ఆ గొంతునీ కాసేపు పరీక్షగా చూశారు.

"చిట్టి. రెండు పలుకులు. జెట్టే" అన్నారు.